ఒకరి గొంతులో గడ్డ - ఇంటిల్లిపాదికీ రక్త పరీక్ష ఎందుకు?



రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తుంటే జీనోమ్ వ్యాలీ అన్న బోర్డు కనిపిస్తుంది. 1999లో మొదలైన ఈ పారిశ్రామిక ప్రాంతంలో మన మేడ్చల్, శామీర్‌పేట పిల్లలు ఎంతో మంది ఉద్యోగాలు చేస్తున్నారు. కరోనా కాలంలో దేశమంతా వేయించుకున్న కోవాగ్జిన్ టీకా ఇక్కడి భారత్ బయోటెక్‌లో తయారైనదే. రోజూ ఆ బోర్డు కింద నుంచి పోయే మనలో చాలా మందికి జీనోమ్ అంటే ఏమిటో, దానితో మన ఇంటికి ఏం పనో తెలియదు. ఆ మాట ఒక కుటుంబం ప్రాణాలు ఎలా కాపాడగలదో, అందులో దాతల పాత్ర ఎక్కడ ఉందో ఒక అరుదైన జబ్బు ఉదాహరణగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ జబ్బు పేరు మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్.

గొంతు గడ్డలన్నీ ఒకటి కావు

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో, గొంతు ముడికి కొంచెం కింద, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. అందులో గడ్డలు రావడం చాలా మామూలు. వాటిలో నూటికి 90కి పైగా క్యాన్సర్ కానివే. కాబట్టి మెడలో గడ్డ కనిపించగానే ఎవరూ బెంబేలు పడనక్కర్లేదు.

క్యాన్సర్ అయిన వాటిలోనూ అత్యధికం పాపిల్లరీ రకం. ఇది నెమ్మదిగా పెరుగుతుంది, చికిత్సకు బాగా లొంగుతుంది. మెడుల్లరీ రకం వేరు. మొత్తం థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది నూటికి 5 కంటే తక్కువ. హజార్డ్, హాక్, క్రైల్ అనే అమెరికా వైద్యులు 1959లో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించి వివరించారు.

థైరాయిడ్ హార్మోను తయారు చేసే కణాల మధ్య అక్కడక్కడా సి-కణాలు అనే మరో జాతి కణాలు ఉంటాయి. అవి కాల్సిటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. మెడుల్లరీ క్యాన్సర్ ఈ సి-కణాల నుంచి పుడుతుంది. అందువల్ల దీని విషయంలో మూడు సంగతులు తప్పక తెలిసి ఉండాలి.

మొదటిది, మనందరికీ తెలిసిన టి.ఎస్.హెచ్. పరీక్ష ఇందులో సాధారణంగా నార్మల్‌గానే వస్తుంది. "థైరాయిడ్ రిపోర్టు నార్మల్, గడ్డ గురించి భయం లేదు" అనుకుని ఊరుకుంటే మోసపోతాం. గడ్డ సంగతి తేల్చేది మెడ స్కానింగు, సూదితో తీసే ఎఫ్.ఎన్.ఎ.సి. పరీక్ష. మెడుల్లరీ అన్న అనుమానం ఉంటే రక్తంలో కాల్సిటోనిన్ కూడా చూస్తారు.

రెండోది, మిగతా థైరాయిడ్ క్యాన్సర్లకు ఇచ్చే రేడియో అయోడిన్ మందు దీని మీద పనిచేయదు. సి-కణాలు అయోడిన్‌ను పీల్చుకోవు. కాబట్టి మొదటి ఆపరేషన్‌లోనే గ్రంథిని పూర్తిగా, చుట్టుపక్కల గ్రంథులతో సహా సరిగ్గా తీయాలి.

మూడోది, ఈ జబ్బు వచ్చిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి అది వంశపారంపర్యంగా వచ్చినది. జీనోమ్ సంగతి ఇక్కడే మొదలవుతుంది.

1114 పూసల దండలో ఒక్క పూస

మన శరీరంలోని ప్రతి కణంలో జన్యు సమాచారం నాలుగు అక్షరాలతో రాసి ఉంటుంది. ఏ, టి, జి, సి అనేవి ఆ అక్షరాలు. తల్లి నుంచి సుమారు 300 కోట్లు, తండ్రి నుంచి సుమారు 300 కోట్లు అక్షరాలు మనకు వస్తాయి. ఈ మొత్తం గ్రంథాన్నే జీనోమ్ అంటారు. అందులో ఒక్కో పని చెప్పే ఒక్కో అధ్యాయం ఒక జన్యువు. అలాంటివి దాదాపు 20 వేలు ఉంటాయి.

వాటిలో 10వ క్రోమోజోము మీద ఉండే ఒక జన్యువు పేరు రెట్. దీన్ని 1985లో జపాన్ శాస్త్రవేత్త మసహిదే తకహాషి బృందం కనుగొంది. ఈ జన్యువు ఇచ్చే ఆదేశం ప్రకారం కణం ఒక ప్రోటీనును తయారు చేస్తుంది. ఆ ప్రోటీను 1114 పూసల తస్బీహ్ లాంటిది. ప్రతి పూసా ఒక అమైనో ఆమ్లం. వాటి వరుస సరిగ్గా ఉంటేనే పని సరిగ్గా జరుగుతుంది.

ఈ ప్రోటీను కణం గోడ మీద కాలింగ్ బెల్ మాదిరి ఉంటుంది. బయటి నుంచి తగిన సంకేతం వచ్చినప్పుడు రెండు రెట్ ప్రోటీన్లు జతకూడతాయి, బెల్ మోగుతుంది, "పెరుగు" అన్న ఆదేశం లోపలికి వెళ్తుంది. సంకేతం పోగానే బెల్ ఆగుతుంది. మామూలు మనిషిలో జరిగేది ఇదే.

కొన్ని కుటుంబాల్లో 634వ పూస మారిపోయి ఉంటుంది. అక్కడ ఉండాల్సిన సిస్టీన్ తన పక్క సిస్టీన్‌తో ముడిపడి ఉండేది. అది లేకపోయేసరికి తోడు పోయిన ఆ రెండో సిస్టీన్ పొరుగు రెట్ ప్రోటీనును పట్టుకుంటుంది. బయట ఎవరూ నొక్కకుండానే బెల్ రాత్రింబవళ్ళు మోగుతూ ఉంటుంది. ఇంకొన్ని కుటుంబాల్లో 918వ పూస మారుతుంది. ఏ-టి-జి అని ఉండాల్సిన చోట ఏ-సి-జి అని ఉంటుంది. తేడా ఒకే ఒక్క అక్షరం. ఈ మార్పు ఉన్న ప్రోటీనుకు జతకూడే అవసరం కూడా లేదు, ఒంటరిగానే మోగుతుంది. అందుకే ఇది అన్నిటికన్నా తీవ్రమైనది.

వంశపారంపర్య మెడుల్లరీ క్యాన్సర్‌కు ఈ రెట్ మార్పులే కారణమని 1993లో తేలింది. 918వ పూస సంగతి 1994లో బయటపడింది. దాంతో వైద్యంలో ఒక కొత్త దారి తెరుచుకుంది. జబ్బు రాకముందే, ఒక రక్త పరీక్షతో, ఎవరికి రాబోతోందో చెప్పగలగడం సాధ్యమైంది.

గొంతుతో ఆగని జబ్బు

పుట్టుకతో రెట్ మార్పు ఉన్న వారిలో జబ్బు థైరాయిడ్‌తోనే ఆగకపోవచ్చు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథుల్లో ఫియోక్రోమోసైటోమా అనే కణితి రావచ్చు. 634 మార్పు ఉన్న వారిలో జీవితకాలంలో సుమారు సగం మందికి ఇది వస్తుంది. చిన్న వయసులోనే బి.పి. ఉన్నట్టుండి పెరగడం, విపరీతమైన తలనొప్పి, చెమటలు, గుండె దడ దీని లక్షణాలు. కొందరికి పారాథైరాయిడ్ గ్రంథులు ఎక్కువగా పనిచేసి రక్తంలో కాల్షియం పెరుగుతుంది. దానివల్ల కిడ్నీలో రాళ్ళు రావచ్చు.

918 మార్పు ఉన్న పిల్లల్లో పెదవుల మీద, నాలుక మీద చిన్న చిన్న బుడిపెలు, సన్నగా పొడుగ్గా ఉండే శరీరం, పసితనం నుంచీ మలబద్ధకం కనిపించవచ్చు. ఈ మార్పు చాలాసార్లు తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తుంది.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన ఒక నియమం ఉంది. మెడుల్లరీ క్యాన్సర్ అని తేలిన వారికి గొంతు ఆపరేషన్‌కు ముందు ఎడ్రినల్ కణితి ఉందో లేదో తప్పకుండా చూడాలి. రక్తంలోనో, 24 గంటల మూత్రంలోనో మెటానెఫ్రిన్లు అనే పదార్థాల పరీక్షతో అది తెలుస్తుంది. ఆ కణితి ఉన్నట్టు తెలియకుండా మత్తు ఇస్తే బి.పి. ఒక్కసారిగా పెరిగి ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోవచ్చు. ఉంటే ముందు దాని చికిత్స, తర్వాతే గొంతు ఆపరేషన్.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం

శామీర్‌పేటలో వెల్డింగ్ షాపు నడిపే ఒకాయన. వయసు 38. మెడలో గడ్డ, కొన్నాళ్ళుగా విరేచనాలు. కాల్సిటోనిన్ ఎక్కువైతే విరేచనాలు కూడా అవుతాయి. పరీక్షల్లో మెడుల్లరీ అని తేలింది. ముగ్గురు పిల్లలు, ఒక అన్న, పెళ్ళి కుదిరిన ఒక చెల్లెలు. తండ్రి చాలా ఏళ్ళ కిందట "బి.పి. ఎక్కువై" నలభై ఏళ్ళకే చనిపోయాడు.

సంఘం ముందుకు వచ్చి ఆపరేషన్ ఖర్చులో సాయం చేసింది అనుకుందాం. ఆయన ఇంటికి చేరాడు. మన పని అయిపోయిందా?

కాలేదు. ఆయనకు రెట్ రక్త పరీక్ష చేయించాలి. కుటుంబంలో ఇంకెవరికీ జబ్బు లేదని చెప్పినా సరే, మెడుల్లరీ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయాలన్నది అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో ఇచ్చిన మార్గదర్శకం. వంశంలో లేదనుకున్న కొందరిలో కూడా పుట్టుకతో వచ్చిన మార్పు బయటపడుతుంది. ఆయన తండ్రి మరణానికి కారణం నిజానికి ఎడ్రినల్ కణితి అయి ఉండవచ్చు కూడా.

మార్పు ఉన్నట్టు తేలితే ఆయన అన్నకు, చెల్లెలికి, ప్రతి బిడ్డకు అది ఉండే అవకాశం సగం సగం. ముగ్గురు పిల్లల్లో కచ్చితంగా ఒకరికో ఇద్దరికో అని లెక్క కాదు. ప్రతి బిడ్డకూ విడిగా నాణెం ఎగరేసినట్టే. ముగ్గురికీ ఉండవచ్చు, ఒక్కరికీ లేకపోవచ్చు.

ఆయన పరీక్షలో జన్యువు అంతటినీ వెతకాలి. కాని ఆయనలో ఏ పూస మారిందో తెలిశాక మిగతా వారిలో ఆ ఒక్క చోటు చూస్తే చాలు. పని సులువు, ఖర్చు తక్కువ. కావలసింది కొద్దిపాటి రక్తం. జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు, ఎందుకంటే పుట్టుకతో వచ్చిన జన్యువు వయసుతో మారదు.

ఫలితం రెండు విధాలుగా మేలు చేస్తుంది. మార్పు లేదని తేలిన బిడ్డకు ఈ కుటుంబపు జబ్బు భయం శాశ్వతంగా పోతుంది. ఏటేటా పరీక్షలు అక్కర్లేదు, ఆ బిడ్డకు పుట్టే పిల్లలకూ అక్కర్లేదు. మార్పు ఉందని తేలిన బిడ్డకు క్యాన్సర్ పుట్టకముందే, లేదా తొలి దశలోనే, థైరాయిడ్ తీసేయవచ్చు. 918 మార్పుకైతే పుట్టిన మొదటి ఏడాదిలో, 634కైతే 5 ఏళ్ళ వయసుకు లేదా అంతకు ముందే ఆపరేషన్ చేయాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. మిగతా మార్పుల్లో కాల్సిటోనిన్ గమనిస్తూ వయసు నిర్ణయిస్తారు. ఏ పూస మారిందన్న దాన్ని బట్టి ఆపరేషన్ వయసు మారుతుంది. జన్యు వైవిధ్యం అన్న పెద్ద మాటకు ఒక తల్లి దృష్టిలో అర్థం ఇదే.

ఒక హెచ్చరిక. కొన్ని రిపోర్టుల్లో "అర్థం తేలని మార్పు" అని వస్తుంది. దాని ఆధారంగా ఆపరేషన్ చేయించకూడదు, ఊరికే కూర్చోనూ కూడదు. జన్యు వైద్య నిపుణుడితో మాట్లాడాలి.

రెండు పరీక్షలు, రెండు ప్రశ్నలు

రిపోర్టులు పట్టుకుని వచ్చేవారు తరచూ గందరగోళపడే విషయం ఇది. రక్తంలో చేసే జన్యు పరీక్ష "ఈ మార్పు పుట్టుకతో వచ్చిందా, పిల్లలకు పోతుందా" అన్న ప్రశ్నకు జవాబు. కణితి ముక్కలో చేసే పరీక్ష "ఈ కణితి ఏ మార్పు వల్ల పెరుగుతోంది, ఏ మందు పనిచేస్తుంది" అన్న ప్రశ్నకు జవాబు.

వంశపారంపర్యం కాని మెడుల్లరీ కణితుల్లో కూడా దాదాపు సగం వాటిలో రెట్ మార్పు కనిపిస్తుంది. అది ఆ కణితిలోనే పుట్టింది, పిల్లలకు పోదు. పాపిల్లరీ క్యాన్సర్‌లో తరచుగా కనిపించే బ్రాఫ్ మార్పు కూడా అంతే. కాబట్టి కణితి రిపోర్టులో "మ్యుటేషన్" అన్న మాట చూసి పిల్లలకు అంటుకుంటుందని కంగారు పడకూడదు.

జబ్బు ముదిరి వ్యాపించిన వారికి కణితి పరీక్ష పనికొస్తుంది. రెట్‌ను మాత్రమే గురి చూసి అడ్డుకునే సెల్పెర్‌కాటినిబ్ మందుకు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. అలాంటి మందులు జబ్బును అదుపులో ఉంచుతాయి కాని సామాన్య కుటుంబం భరించలేని ఖర్చు. ముందే పట్టుకోవడం ఎంత మేలో దీన్ని బట్టి అర్థమవుతుంది.

"అవతలి వాళ్ళు ఏమనుకుంటారు?"

పరీక్షకు అడ్డుపడేది చాలాసార్లు డబ్బు కాదు. మనం ఊహించుకున్న ఆ ఇంటికి వెళ్ళి చెల్లెలికి రక్త పరీక్ష చేయిద్దాం అంటే ఆ అన్న ఏమంటాడు? "భాయ్ సాబ్, మొన్ననే మంగ్నీ అయింది. ఇప్పుడు పరీక్ష అంటే అవతలి వాళ్ళు ఏమనుకుంటారు? పెళ్ళయ్యాక చూద్దాం" అంటాడు. అతని భయం అర్థం లేనిది కాదు. దాన్ని కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలి. ఆ అమ్మాయికి తెలియని ఎడ్రినల్ కణితి ఉంటే గర్భం సమయంలో, కాన్పు సమయంలో తల్లికీ బిడ్డకూ ప్రమాదం. తెలిసి ఉంటే అన్నిటికీ వైద్యం ఉంది, ఆమె పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు.

మరో రెండు అపోహలున్నాయి. ఒకటి, దగ్గరి సంబంధం చేసుకోవడం వల్లే ఇది వచ్చిందని అనడం. తలసేమియా లాంటి జబ్బుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు దెబ్బతిన్న జన్యువులు కలిస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళలో ఆ ప్రమాదం పెరుగుతుంది. రెట్ సంగతి అలా కాదు. ఒక్కరి నుంచి వచ్చిన ఒక్క మార్పు చాలు. బయటి సంబంధం చేసుకున్నా అవకాశం అదే సగం. కాబట్టి దీనికి మేనరికాన్నో, చాచా కూతుర్ని చేసుకోవడాన్నో తప్పుపట్టడం సరికాదు. రెండు, కోడలి వైపు నుంచి వచ్చిందని నింద వేయడం. ఈ మార్పు తండ్రి నుంచీ తల్లి నుంచీ సమానంగా వస్తుంది. ఎవరి తప్పూ లేదు.

అందుకే దాతలకు ఒక విన్నపం. సాయం అందుకున్న వారి ఫోటో, పేరు సావనీరులో వేయాలని కొందరు కోరుకుంటారు. ఇలాంటి జబ్బుల్లో అది కూడదు. ఒకరి పేరు అచ్చయితే వారి చెల్లెళ్ళు, కూతుళ్ళు, వారి పిల్లలు అందరి పేరూ అచ్చయినట్టే. కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేతికి తెలియకూడదన్న మన సంప్రదాయం ఇక్కడ పుణ్యంతో పాటు వైద్య నియమం కూడా.

ఎక్కడికి వెళ్ళాలి?

మన అదృష్టం, ఈ జబ్బుకు కావలసినవన్నీ హైదరాబాదులోనే ఉన్నాయి. మేడ్చల్ మండలం ఘనపూర్‌లోని మెడిసిటీ ఆసుపత్రి మనకు దగ్గర. పంజగుట్ట నిమ్స్‌లో ఎండోక్రైనాలజీతో పాటు జన్యు వైద్య విభాగం కూడా ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ కేంద్ర ప్రభుత్వ సంస్థ. డి.ఎన్.ఎ. పరిశోధనతో పాటు జన్యు రోగ నిర్ధారణ కూడా దాని పని. 1999 నుంచి 2005 వరకు సయ్యద్ ఎహతేషామ్ హస్నైన్ గారు దానికి డైరెక్టరుగా ఉన్నారు. క్యాన్సర్ వైద్యానికి రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

ఈ చివరి ఆసుపత్రి పేరు వెనుక ఉన్న మనిషిని గుర్తు చేసుకోవాలి. ఎం.ఎన్.జె. అంటే మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్ మొదటి గవర్నరు అయిన ఆయన పేరుతోనే ఆ ఆసుపత్రి నడుస్తోంది. ఇక నిమ్స్ మొదట నిజాం చారిటబుల్ ట్రస్టు సొమ్ముతో ఎముకల ఆసుపత్రిగా మొదలైంది. నేడు లక్షల మంది మతభేదం లేకుండా వైద్యం పొందే చోట నిన్నటి దాతల చేయి ఉంది.

తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ ఆపరేషన్లు అందుతాయి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం దీని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందుగా అడగాలి. ఏ పరీక్ష అందులోకి వస్తుంది, ఏది రాదు అన్నది రాయించుకోవాలి.

మన సొమ్ము ఎక్కడ ఎక్కువ పనిచేస్తుంది?

మంచం మీద ఉన్న రోగిని చూస్తే చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్తుంది. ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డకు రక్త పరీక్ష కోసం డబ్బు అడిగితే "వాడికేం అయింది?" అనిపిస్తుంది. అది సహజం. కాని ఆపరేషన్‌కు ప్రభుత్వ పథకం ఉండగా, ఒక రోగి వెనుక ఉన్న ఆరేడుగురు ఆరోగ్యవంతుల్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. పరీక్ష ఖర్చు, ఉప్పల్‌కో పంజగుట్టకో వెళ్ళిరావడానికి చార్జీలు, ఆ రోజు పోయే కూలి, ఇంటికి వెళ్ళి నచ్చజెప్పే ఒక ఓపిక గల మనిషి. కావలసింది ఇంతే. జకాత్ నుంచి ఇవ్వవచ్చా, సదఖా నుంచి ఇవ్వాలా అన్నది ఉలమాల సలహా ప్రకారం నిర్ణయించుకోవచ్చు.

ఆపరేషన్ అయిన వారికి థైరాయిడ్ మాత్ర జీవితాంతం కావాలి. ఖరీదు తక్కువే కాని ఒక్క రోజూ మానకూడదు. పరగడుపున వేసుకోవాల్సిన మాత్ర కనుక రంజాన్‌లో సహరీకి అరగంట ముందు వేసుకోవాలా, రాత్రి తిన్న చాలాసేపటికి పడుకునే ముందు వేసుకోవాలా అన్నది మాసం మొదలవకముందే డాక్టరును అడగాలి. ఉపవాసం పేరుతో మాత్ర మానేయడం ప్రమాదం.

చివరగా ప్రతి ఇంట్లో గుర్తుంచుకోవలసినవి. పెరుగుతున్న మెడ గడ్డ, తగ్గని గొంతు బొంగురు, గడ్డతో పాటు విరేచనాలు ఉంటే ఆలస్యం చేయకండి. బంధువుల్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వస్తే "ఏ రకం?" అని అడిగి, బయాప్సీ రిపోర్టు జాగ్రత్త చేయండి. అందులో మెడుల్లరీ అన్న మాట ఉంటే రెట్ పరీక్ష గురించి డాక్టరును అడగండి. చిన్న వయసులో బి.పి.తో పోయిన పెద్దల సంగతి కూడా చెప్పండి.

ఒక రోగికి చేసిన సాయం ఒక ప్రాణానికి మేలు. అతని పిల్లలకు చేయించిన పరీక్ష ఇంకా పుట్టని వారికి కూడా మేలు. అలాంటి సాయానికి అల్లాహ్ మనకు స్తోమతనూ, మంచి మనసునూ ప్రసాదించుగాక. ఆమీన్.